హ్యాండ్‌గార్డ్ మారిస్తే గ్యాస్ ట్యూబ్ కుదరడం లేదా?

బ్రదర్, మీ ఏఆర్-15 రైఫిల్‌కి ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్‌ను తాకకుండా ఉండే ముందరి పట్టు) వేస్తుంటే బ్యారెల్ నట్ (బ్యారెల్‌ను బిగించే నట్) కంత గ్యాస్ ట్యూబ్‌కి (గ్యాస్‌ను వెనక్కి తెచ్చే సన్నని గొట్టానికి) ఎదురుగా రావట్లేదన్నారు కదా. టెన్షన్ వద్దు, చాలామందికి ఎదురయ్యేదే. కంత కోసమని నట్‌ను మాత్రం వెనక్కి వదులు చేయకండి.

ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. అప్పర్‌ను (రైఫిల్ పై భాగాన్ని) నేరుగా వైస్‌లో బిగించొద్దు, అది అల్యూమినియం. వైస్ బ్లాక్ (అప్పర్‌ను పట్టి ఉంచే అచ్చు) వాడండి. మరలకు మాలిబ్డినం గ్రీజు రాయండి. గ్రాఫైట్ ఉన్నది వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. టార్క్ రెంచ్‌తో 30 ఫుట్-పౌండ్లకు బిగించి వదులు చేయండి, ఇలా మూడుసార్లు. తర్వాత తదుపరి కంత వచ్చేదాకా బిగించండి, 80 ఫుట్-పౌండ్లు దాటకూడదు. అప్పటికీ రాకపోతే షిమ్ (పలుచని రింగు) వేయాల్సిందే. హ్యాండ్‌గార్డ్‌తో సొంత నట్ వచ్చుంటే వాళ్ల కాగితంలోని లెక్కే పాటించండి. కొన్ని నట్లకు అసలు ఈ కంతల బాధే ఉండదు.

చివర్లో బోల్ట్ క్యారియర్‌ను చేత్తో మెల్లగా ముందుకు తోయండి. దాని పైనున్న గ్యాస్ కీ (చిన్న గొట్టం) ట్యూబ్ మీదికి ఎక్కడా తగలకుండా జారాలి. కీ అంచున ఒకవైపే మెరుపు గీత పడితే ట్యూబ్ ఇంకా పక్కకి ఉన్నట్టే. అది సరిచేయకుండా కాల్చకండి.