ఆర్కిడ్ వేర్ల దగ్గర తెల్ల బూజు: మందు కొట్టాలా, మైకోరైజా పొడి వేయాలా?

కుండీ మారుస్తుంటే కొబ్బరి డొక్కల మధ్య తెల్ల దారాలు కనిపించాయి, ఆర్కిడ్ల లోపల ఉంటుందనే ఫంగస్ ఇదేనా, మందు కొట్టాలా లేక మైకోరైజా పొడి (వేర్లకి మేలుచేసే ఫంగస్ ఉన్న పొడి) వేయాలా అని కదా అడిగారు. రెండూ వద్దండి.

మీరు చూసింది చాలావరకు డొక్కని కుళ్లబెట్టే మామూలు బూజే. వేరు లోపల కాపురముండేది కంటికి ఆనదు. ఎమ్మెస్సీలో మామిడిచెట్టు మీది వాండా అనే ఆర్కిడ్ వేరును బ్లేడుతో పల్చగా కోసి, కాటన్ బ్లూ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూశాం. పైన తెల్లటి వెలమెన్ పొర, దాని లోపలి కణాల్లో కొన్నిటి నిండా నీలం దారపు ఉండల్లా ఫంగస్, పక్క కణంలోనేమో అదే ఉండ నలిగి గోధుమరంగు ముద్దై ఉంది, అంటే మొక్క దాన్ని అరాయించుకుంటోందన్నమాట. ఇదంతా బెరడుకి అంటుకున్న వైపే, గాలి తగిలే వైపు దాదాపు ఖాళీ.

ఆర్కిడ్ విత్తనం ధూళంత ఉంటుంది, అందులో మొలకకి సరిపడా తిండి ఉండదు, అడవిలో ఫంగస్ లోపలికి వచ్చి చక్కెర అందిస్తేనే మొలుస్తుంది. ఈ సంగతి 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టాడు. తమాషా ఏంటంటే ఈ ఫంగస్‌లలో చాలావాటిని ఒకప్పుడు రైజోక్టోనియా అనే పేరు కిందే చేర్చారు, మన వరికి పాముపొడ తెగులు తెచ్చేదీ ఆ పేరుదే. మరి అలాంటిది మొక్కనే ఎందుకు తినేయదు? ఆర్కిడ్ దుంప ముక్క దగ్గరికి వచ్చేసరికి ఫంగస్ పెరుగుదల ఆగిపోవడం బెర్నార్డే గమనించాడు, 1950ల్లో దానికి కారణమైన ఆర్కినాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఫంగస్ తగిలాకే దుంప దీన్ని గట్టిగా తయారుచేస్తుంది. వేర్లలోకి రానిచ్చి, దుంప జోలికి మాత్రం రానివ్వదు.

నర్సరీలో కొన్న మీ డెండ్రోబియం విషయానికొస్తే, ఇవి ఎక్కువగా ల్యాబ్ సీసాల్లో చక్కెర కలిపిన జెల్లీ మీద పెరిగినవే. 1922లో నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఫంగస్ లేకుండా విత్తనాలు మొలిపించిన దగ్గర్నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఆకులున్న పెద్ద మొక్క తన తిండి తనే చేసుకుంటుంది. షాపుల్లో అమ్మే మైకోరైజా పొడి సాధారణంగా టమాటా, మిరప లాంటి వాటికి పనికొచ్చే రకం, ఆర్కిడ్ వేర్లలోకి అది వెళ్లనే వెళ్లదు, డబ్బు దండగ.

ఇక ఫంగస్‌ని చంపే మందు కార్బెండజిమ్ సంగతి. మొక్క లోపలికి పాకే మందు, వేర్లలో మంచి ఫంగస్ ఉంటే దానికీ దెబ్బ తగలొచ్చు. పైగా మన చెన్నైలో అక్టోబరు వానలప్పుడు వచ్చే నల్లకుళ్లు ఎక్కువగా ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల, అది చూడ్డానికి ఫంగస్‌లా ఉన్నా అసలు ఫంగస్సే కాదు కాబట్టి దాని మీద ఈ మందు పనిచేయదు. నేను వేళచ్చేరి బాల్కనీలో వానాకాలం రాగానే కుండీలు సన్‌షేడ్ కిందికి జరిపేస్తాను, మెత్తబడిన డొక్కలు తీసేసి బొగ్గు ముక్కలు ఎక్కువ వేస్తాను, అంతే.

వేరు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే వదిలేయండి. మెత్తగా నలిగి లోపలి నరం మాత్రమే మిగిలితే, బ్లేడు మంటలో కాల్చి అక్కడికి కోసేసి, కోత ఆరేదాకా ఒకట్రెండు రోజులు నీళ్లు పోయకండి.