సగంలో ఆగిన నాన్నగారి ఫియట్‌కు విలువ కట్టేదెలా?

ప్రశ్న: మాది ఏలూరు. నాన్నగారు తన 1969 నాటి ఫియట్ 1100ను మళ్లీ కొత్తదానిలా చేయించాలని షెడ్డుకు ఇచ్చారు. మూడు లక్షలు ఖర్చయ్యాక, గత ఏడాది ఆయన పోయారు. అప్పట్లో విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల వ్యాపారి ఒకరు కారును ఉన్నదున్నట్టు రూ.75,000కు అడిగితే ఇవ్వలేదు. ఆ తర్వాత నేను టింకరింగ్‌కు, ప్రైమర్‌కు రూ.1,80,000 పెట్టాను. ఇంజన్ ఇంకా విప్పేసే ఉంది. మరో రూ.2,40,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. కాకినాడ నుంచి ఒకాయన ఇప్పుడున్న స్థితిలోనే రూ.1,20,000 ఇస్తానంటున్నారు. ఆయన తన పాత కార్లను సొంత షెడ్డులో తానే బాగుచేసుకుంటారట. అమ్మితే నా 1,80,000 ముందు నాకు రావాలని నేనంటున్నాను. వింటేజ్ కారు కదా, ఆరు లక్షలు చేస్తుంది, నువ్వే ఉంచుకుని అక్క సగం వాటా ఇచ్చేయమని బావగారు అంటున్నారు. ఎవరిది న్యాయం? బంగారం మీద లోన్ తీసుకుని పూర్తి చేయించనా?

జవాబు: మీరు చెప్పే లెక్కా సరైనది కాదు, బావగారు చెప్పే లెక్కా సరైనది కాదు. మీరు పెట్టిన ఖర్చును చూస్తున్నారు, ఆయన పూర్తయిన కారును చూస్తున్నారు. షెడ్డులో ఉన్నది ఈ రెండూ కాదు.

ఇలాంటి బండికి విలువ కట్టాలంటే చివర నుంచి వెనక్కి రావాలి. పూర్తయి, కాగితాలు సరిగ్గా ఉంటే ఎంతకు అమ్ముడుపోతుందో ముందు చూడండి. ఆరు లక్షలని బావగారు చూసింది ప్రకటనలోని ధర అయి ఉంటుంది. అది అడిగే ధరే, చేతికొచ్చే ధర కాదు. మన లెక్కకు నాలుగు లక్షలు అనుకుందాం. మీ ఊరి చుట్టుపక్కల ఈమధ్య నిజంగా చేతులు మారిన రెండు మూడు బండ్ల ధర కనుక్కుని ఆ అంకెను సరిచేసుకోండి.

అందులోంచి మిగిలిన పని ఖర్చు తీసేయాలి. మీరు పంపిన మెకానిక్ చీటీ చూశాను. ఇంజన్ బోరింగ్, వైరింగ్, బ్రేకులు, సీట్లు, రూఫ్ లైనింగ్, పెయింట్ ఉన్నాయి. రేడియేటర్ లేదు, పెట్రోల్ ట్యాంకు శుభ్రం చేయడం లేదు, టైర్లు లేవు, అద్దాల చుట్టూ రబ్బరు బీడింగ్ లేదు, బంపర్లకు క్రోమ్ పాలిష్ లేదు. ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. అందుకే 2,40,000కు మూడో వంతు కలిపి 3,20,000 అనుకోవడం మంచిది. నాలుగు లక్షల్లో ఇది పోతే మిగిలేది రూ.80,000. కొనేవాడు ఏడాది పాటు పడే శ్రమకూ, మోసే రిస్క్‌కూ అందులోంచే ఎంతో కొంత మిగలాలి కాబట్టి బయటివాళ్లు అంతకంటే తక్కువే ఇస్తారు.

మరి కాకినాడ ఆయన 1,20,000 ఎందుకు ఇస్తానంటున్నారు? పని తానే చేసుకుంటారు కాబట్టి మీకు అయ్యే కూలీ ఖర్చు ఆయనకు ఉండదు. సగం పనిలో ఉన్న బండికి అందరి దగ్గరా ఒకే విలువ ఉండదు. దాన్ని తక్కువలో పూర్తి చేయగలిగినవాడి దగ్గరే ఎక్కువ. కాబట్టి ఆ బేరాన్ని చులకన చేయకండి. ఈ రోజుకు మీ కారు విలువ అదే.

ఇక పంపకం. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో అమ్మగారికి కూడా మీ ఇద్దరితో సమాన వాటా ఉంటుంది. మీరు రాసిన ఉత్తరంలో ఆవిడ మాటే లేదు. సగం సగం కాదు, మూడు వాటాలు. నాన్నగారు వదిలి వెళ్లినప్పుడు బండికి ఉన్న విలువ 75,000 అని వ్యాపారి బేరమే చెబుతోంది. మీ డబ్బుతో పెరిగింది 45,000. మీరు అడగదగ్గది అంతే. మిగిలిన 1,35,000 ఎవరినీ అడగకుండా మీరు తీసుకున్న నిర్ణయం, దాన్ని అక్క మీద వేయడం నాకు సబబుగా అనిపించడం లేదు. అమ్మితే 45,000 మీరు తీసుకుని, 75,000 మూడు వాటాలు వేయండి. మీరే ఉంచుకుంటే అమ్మగారికి 25,000, అక్కకు 25,000 ఇవ్వండి. ఇన్నాళ్ల గొడవ ఈ పాతికవేల గురించేనని బావగారికి కూడా కాగితం మీద చూపించండి.

పూర్తి చేయించాలా అంటే, ఇకముందు అయ్యేది మాత్రమే లెక్కలోకి తీసుకోండి. కొత్తగా 3,20,000 పెట్టాలి, చేతికొచ్చే 1,20,000 వదులుకోవాలి. అంటే 4,40,000కు నాలుగు లక్షల బండి వస్తుంది. తేడా 40,000. నాన్నగారు నడిపిన కారు ఇంట్లో ఉండాలని మీకు మనస్ఫూర్తిగా ఉంటే, ఆ తేడా భరించడం తప్పని నేను అనను. కానీ బంగారం మీద లోన్ మాత్రం వద్దు. వడ్డీ కలిస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. నెలనెలా మిగిలే డబ్బుతో చేయించండి, ఒక పని ముగిశాకే తర్వాతి పనికి డబ్బులివ్వండి. టింకరింగ్ కూడా ఒకసారి పరీక్షించండి. రుమాలు చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల కింది అంచుల మీద పెడితే, రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా నింపినచోట జారిపోతుంది. జారిపోయే చోట్లు ఎక్కువగా ఉంటే ఆ 3,20,000 కూడా సరిపోదు.

ఖర్చు తగ్గుతుందని మెకానిక్ మారుతి ఇంజన్ పెడదామన్నాడని రాశారు. దయచేసి ఒప్పుకోకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. మీ కారు వయసు సరిపోతుంది. ఆ 1089 సీసీ ఇంజన్ తీసేస్తే ఆ అవకాశం పోతుంది, ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరూ కలవదు. వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికి మాత్రమే తీయాలి. బావగారికి ఈ సంగతి కూడా చెప్పండి.

పన్ను గురించి టెన్షన్ అక్కర్లేదు. సొంతానికి వాడుకున్న కారు మూలధన ఆస్తి కిందికి రాదు కాబట్టి లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, నష్టాన్ని చూపించుకోవడానికీ కుదరదు.

ఆర్‌సీ గడువు ఎప్పటి వరకు ఉందో మీరు రాయలేదు, ముందు అది చూడండి. గడువు దాటి ఉంటే రెన్యువల్‌కు బండి తనిఖీకి నిలబడాలి. ఇంజన్ విప్పేసి ఉన్న బండికి అది సాధ్యం కాదు, కొనేవాళ్లు ఆ మేరకు ధర తగ్గిస్తారు. కాకినాడ ఆయనకు గడువు సంగతి దాచకుండా చెప్పండి. నాన్నగారి పేరున్న ఆర్‌సీతో మీరు అమ్మలేరు. ఫారం 31తో పాటు మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, అమ్మగారి, అక్క సమ్మతి పత్రాలు ఇచ్చి ముందు మీ పేరుకు మార్పించుకోండి. ఇది మూడు నెలల్లో చేయాల్సిన పని, ఇప్పటికే ఆలస్యమైంది. మీ పేరుకు మారాక, డబ్బు పూర్తిగా ఖాతాలో పడ్డాకే, కొన్నవారి పేరుకు బండి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టండి.