కరెంటు పెట్టిన దవడకు ఆక్సిజన్ ఛాంబర్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. నాలుగేళ్ల కిందట బుగ్గ లోపల క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, 30 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. బాగానే కోలుకున్నారు. ఏడు నెలల కిందట కింది దవడ పన్ను కదులుతోందని మా ఊళ్లోనే తీయించాం. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. లోపల ఎముక కనిపిస్తోంది, చీము, ఒకటే వాసన. రేడియేషన్ వల్ల ఎముక చచ్చిపోయిందనీ, ఆక్సిజన్ ఛాంబర్‌లో 40 సార్లు ఉంచితే మానుతుందనీ ఒకచోట చెప్పారు. అందుకు అర ఎకరం అమ్మాలి. అమ్మమంటారా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అమ్మా, పొలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ గాయం దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా? మీ ఉత్తరంలో బయాప్సీ మాటే లేదు. క్యాన్సర్ తిరగబెట్టినా ఇలాగే మానని పుండులా ఉంటుంది. అది కాదని తేలేదాకా ఛాంబర్ మాట ఎత్తకూడదు.

అది కాదంటే, వాళ్లు చెప్పిన జబ్బే అయి ఉండొచ్చు. రేడియేషన్ క్యాన్సర్‌తో పాటు ఎముకలోని సన్నటి రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. అవి ఏళ్ల తరబడి మెల్లగా మూసుకుపోతాయి. పై దవడకు రక్తం చాలా దారుల్లో అందుతుంది. కింది దవడకు ముఖ్యంగా ఒకే ధమని ఆధారం, అందుకే అక్కడ ఎక్కువ. డోసు 60 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క) దాటితే ముప్పు ఇంకా పెరుగుతుంది. అలాంటి ఎముకలోంచి పన్ను తీస్తే, ఆ గుంత పూడ్చుకునే శక్తి దానికి ఉండదు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ ఒక పెద్దాయనకు అలాగే పన్ను తీశాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఏడాది తిరక్కుండా సగం దవడ తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు నా కేస్ షీట్‌లో పేరు, వయసు తర్వాత రాసేది ఒకటే: ‘మెడకు గానీ ముఖానికి గానీ కరెంటు పెట్టించుకున్నారా?’

ఇక ఛాంబర్ సంగతి. మామూలు గాలి కంటే రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో గంటన్నరసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తారు. అది రక్తంలోని నీటిభాగంలోనే కరిగి, నాళాలు చిక్కిపోయిన చోటికీ చేరుతుంది. రోజూ చేస్తే అక్కడ కొత్త నాళాలు మొలుస్తాయని ఆశ. 1985లో అమెరికాలో మార్క్స్ అనే సర్జన్ రేడియేషన్ అయినవాళ్లకు పళ్లు తీస్తూ దీన్ని పరీక్షించారు. పెన్సిలిన్ మాత్రమే ఇచ్చిన 37 మందిలో 11 మందికి ఎముక చచ్చిపోతే, ఆక్సిజన్ ఇచ్చిన 37 మందిలో ఇద్దరికే ఆ గతి పట్టింది. అందరం నమ్మాం. కానీ 2004లో ఫ్రాన్స్‌లో, ఎముక అప్పటికే దెబ్బతిన్న 68 మందిపై జరిగిన పరీక్షలో అదనపు మేలు కనబడక మధ్యలోనే ఆపేశారు. 2019లో బ్రిటన్‌లో పళ్లు తీసినవాళ్లను చూస్తే ఆక్సిజన్ తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 5.7 శాతం మందికి ఎముక చచ్చిపోయింది. ఇద్దరికీ తేడా లేదనే అర్థం. ఇవన్నీ చూశాక, 40 సార్లు కూర్చుంటే మానుతుందని మాట ఇచ్చేవాళ్లను నేను నమ్మను.

కొద్దిపాటి ఎముకే బయటపడి ఉంటే శుభ్రం చేసి, చీముకు మందులిచ్చి, పెంటాక్సిఫిలిన్, విటమిన్-ఇ కలిపి కొన్ని నెలలు వాడి చూస్తాం. దవడ విరిగినా, బుగ్గకు చిల్లుపడి చీము బయటికొస్తున్నా ఛాంబర్ ఒక్కటే ఏమీ చేయలేదు. చచ్చిన ఎముక తీసేసి, కాలి పిక్క పక్కనుండే సన్న ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి అతకాలి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న కొందరిని, ఆపరేషన్‌కు తోడుగా, నేను ఇప్పటికీ ఛాంబర్‌కు పంపుతున్నాను. మీ నాన్నగారిది ఏ దశో స్కాన్ చూస్తేనే తెలుస్తుంది. పాత రేడియేషన్ కాగితాలు తీసుకుని విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో తల, మెడ సర్జన్‌కు చూపించండి.

ఒకవేళ ఛాంబరే అన్నారనుకోండి, ‘ఒత్తిడి ఎంత పెడతారు?’ అని అడగండి. బ్యూటీ, వెల్‌నెస్ సెంటర్లలో ఉండే గుడ్డ సంచి లాంటివాటిలో అంత ఒత్తిడి రాదు, అవి దీనికి పనికిరావు. ఊపిరితిత్తికి చిల్లుపడి దాని చుట్టూ గాలి చేరినవాళ్లు అసలు లోపలికి వెళ్లకూడదు కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. షుగర్ ఉంటే ప్రతిసారీ చూడాలి, లోపల పడిపోతుంది. తలకు నూనె రాయకండి, నూలు బట్టలే వేయండి, నిప్పు ప్రమాదం. చెవులు దిబ్బడేస్తాయి, గుటక వేస్తే తెరుచుకుంటాయి. రేడియేషన్ వల్ల నోరు ఎండిపోయినవాళ్లకు అదే కష్టం, గుక్కెడు నీళ్లు దగ్గర ఉంచమని అక్కడివాళ్లను అడగండి. కొన్నాళ్లు దూరపు చూపు మసకబారినా కంగారుపడి కళ్లద్దాలు మార్చకండి, చాలామందికి తర్వాత దానంతటదే సర్దుకుంటుంది.

ఆయన చుట్ట, ఖైనీ ఇంకా మానకపోతే ఈ రోజే మాన్పించండి. ఇంకో పన్ను కదిలినా ఆ సర్జన్‌ను అడక్కుండా ఎవరిచేతా తీయించకండి.