‘దాస’ అంటే మొదట సేవకుడా, ఒక జాతి పేరా?

రెండూ. ఋగ్వేదంలోనే రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ‘ముందు ఇది, తర్వాత అది’ అని గీత గీయడం కష్టం. ఎక్కువ చోట్ల దాసులంటే ఇంద్రుడి చేతిలో ఓడే శత్రువులు. శంబరుడు అలాంటివాడే. కానీ 7వ మండలం 86వ సూక్తంలో వసిష్ఠుడు వరుణుడికి ‘దాసుడిలా సేవ చేస్తాను’ అంటాడు.

జాతి పేరే పాతదని అనుకోవడానికి ఆధారం ఇరాన్ వైపు దొరుకుతుంది. సంస్కృతంలో ‘స’ ఉన్నచోట ఇరానీ భాషల్లో ‘హ’ వస్తుంది: సింధు–హిందు, సప్త–హఫ్త. ఆ లెక్కన ‘దాస’కు జోడీ ‘దహ’. పారశీక చక్రవర్తి క్షయార్ష (గ్రీకుల జెర్క్సెస్) శాసనంలో ఆయన ఏలిన జనాల జాబితాలో ‘దహా’ ఉంది, అక్కడ సేవకుడన్న అర్థమే లేదు. ఓడినవాళ్ల పేరు ఊడిగం చేసేవాళ్లకు అంటుకోవడం ఐరోపాలోనూ జరిగింది. ఇంగ్లీషు ‘స్లేవ్’ అలా స్లావు జాతి పేరు నుంచి వచ్చిందే.

ఇలాంటి మాట మూలం వెతికేటప్పుడు ముందు దాని పాత ప్రయోగం చూడండి, తర్వాత సోదర భాషల్లో జోడీ. చెవికి ఒకేలా వినిపించిందని కలిపేస్తే బోల్తా పడతారు. సుదాసు రాజు పేరులో ‘దాస’ లేదు, అది ‘సు + దాస్’, బాగా ఇచ్చేవాడు. ఋగ్వేదంలోని మరో రాజు దివోదాసు పేరులో మాత్రం ఉంది.

‘నౌకరు’కీ నౌకకీ సంబంధం లేదు. మంగోలుల ‘నోకోర్’ అంటే తోడు నిలిచే యోధుడు. చెంగిజ్ ఖాన్ అనుచరులు అలాంటివాళ్లే. పారశీకం మీదుగా మన దాకా వచ్చేసరికి జీతగాడయ్యాడు. ‘గులాం’ అరబ్బీలో కుర్రాడు. ‘జవాను’ పారశీకంలో యువకుడు, మన ‘యువ’కు చుట్టమే. మన ఆఫీసుల్లో ఫైళ్లు మోసే జవానుకు అరవై దగ్గరపడినా పేరు మారదు!

హైదరాబాదులో హబ్షీగూడ పేరులోని ‘హబ్షీ’ అబిసీనియా (నేటి ఇథియోపియా) జనం పేరు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్నచోటే ఏసీ గార్డ్స్ అనే పేట. ఆ ఏసీకి చల్లదనంతో పనిలేదు, ‘ఆఫ్రికన్ కావల్రీ’ అని. వాళ్లనే సిద్దీలనీ అంటారు. అది అరబ్బీ ‘సయ్యిదీ’, అంటే ‘నా ప్రభువు’. బానిసలుగా తెచ్చినవాళ్లకు ప్రభువు పేరు!