పది శాతం లోపు ఉంటే సరిపోదా?

పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ (పరిశోధన, ప్రచురణ నైతికత) కోర్సు ఎందుకు, కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటకుండా చూసుకుంటే చాలదా అని అడిగారు. చాలదు.

ముందు ఆ పది శాతం సంగతి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 వరకైతే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. అదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

కానీ సాఫ్ట్‌వేర్‌ పట్టుకునేది మాటల పోలికనే. ఇంకొకరి ఆలోచనను మీ మాటల్లో తిరగరాసి, వాళ్ల పేరు చెప్పలేదనుకోండి. రిపోర్టులో రెండు శాతమే రావచ్చు, అయినా అది చౌర్యమే. ఎక్సెల్ షీట్‌లో గ్రాఫు గీతకు దూరంగా పడిన రెండు రీడింగులను చడీచప్పుడు లేకుండా డిలీట్ చేస్తే అసలేమీ కనపడదు. నా దృష్టిలో ఇదే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ గ్రాఫును నమ్మి మరొకరు ఏళ్లు ఖర్చుపెడతారు. రీడింగు నిజంగా తప్పే అయితే కారణం థీసిస్‌లో రాయండి, అసలు ఫైలును మాత్రం ముట్టుకోకండి.

2019లో యూజీసీ ఆమోదించిన ఈ 30 గంటల, 2 క్రెడిట్ల కోర్సు ఇలాంటివాటి కోసమే. పని చేయనివాళ్ల పేరు పేపర్‌లో పెట్టడం, డబ్బు కట్టగానే అచ్చేసే మోసపు జర్నళ్లు కూడా అందులో ఉంటాయి. గైడ్‌ను అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ ఆ క్లాసులోనే అడిగేయండి.