ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో బైట్ ఆర్డర్: ఎక్కడ తిప్పాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

మీ ప్రశ్న: సొంతంగా రాస్తున్న ఫైల్‌సిస్టమ్‌లో డిస్క్ మీది లిటిల్ ఎండియన్ (అంకెలో చిన్న విలువ బైట్ ముందు వచ్చే వరస; పెద్దది ముందు వస్తే బిగ్ ఎండియన్) అంకెలను మౌంట్ చేసినప్పుడే అన్నీ తిప్పేసుకోవాలా, అంటే బైట్ల వరస మార్చేసుకోవాలా, లేక వాడిన ప్రతిసారీ తిప్పాలా, అలా తిప్పితే స్లో అవుతుందా అని.

స్పీడ్ గురించి టెన్షన్ పెట్టుకోకండి. ఎక్స్86 మీద లిటిల్ ఎండియన్ మార్పిడి కంపైల్ అయ్యాక ఏమీ మిగలదు. నిజంగా తిప్పాల్సి వచ్చినా ఒకే ఇన్‌స్ట్రక్షన్, ఇంటెల్ 486 ప్రాసెసర్ కాలం నుంచీ ఉన్నదే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఎస్‌జీఐ కంపెనీ వాళ్ల దగ్గర పుట్టింది, డిస్క్ మీద దాని మెటాడేటా (ఫైళ్ల గురించిన వివరాలు) బిగ్ ఎండియన్. ఎక్స్86 సర్వర్ల మీద దాన్ని తిప్పుకుంటూనే నడుపుతున్నారు, ఎవరికీ భారం అనిపించలేదు.

అసలు ఖర్చు 'ఈ డిస్క్ ఏ ఆర్డర్?' అని ప్రతి ఫీల్డ్ దగ్గరా ఇఫ్ పెట్టడంలో ఉంది. లినక్స్‌లో యూఎఫ్‌ఎస్ (యూనిక్స్ ఫైల్‌సిస్టమ్) డ్రైవర్‌కి అది తప్పదు, ఎందుకంటే ఆ ఫార్మాట్ రెండు రకాలుగానూ ఉంది. కొత్తగా రాసేవాళ్లకి ఆ ఖర్మ ఎందుకు? ఒక్క ఆర్డర్‌కి కట్టుబడండి.

కట్టుబడకపోతే ఏమవుతుందో భీమవరం వైపు చూశాను. రొయ్యల చెరువుల గట్ల మీద ఆక్సిజన్ రీడింగులు దాచే బాక్సులు మేం తయారుచేస్తాం. లోపలుండేది బిగ్ ఎండియన్ మిప్స్ ప్రాసెసర్ బోర్డు, ఫ్లాష్ మీద జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్‌సిస్టమ్. పిడుగుపాటుకి ఒక బోర్డు పోతే, రైతు లెక్కలు కావాలన్నారని ఫ్లాష్ డంప్ తీసి లాప్‌టాప్‌లో మౌంట్ చేశాం. మామూలు బిల్డ్‌లో జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఏ మెషిన్ మీదుంటే ఆ ఆర్డర్‌లోనే రాస్తుంది. దాని మ్యాజిక్ (ఫార్మాట్‌ని గుర్తుపట్టే అంకె) హెక్స్‌లో 1985. డంప్‌లో బైట్లు 19 85 అని ఉన్నాయి, లాప్‌టాప్ 85 19 కోసం వెతుకుతోంది. మ్యాజిక్ తిరగబడి ఉంది, ఎండియన్ తప్పేమో అని కెర్నలే మెసేజ్ ఇచ్చింది. (ఆ తిరగబడ్డ విలువకి సోర్స్‌లో పెట్టిన పేరు కూడా మ్యాజిక్ బిట్‌మాస్క్‌ని వెనకనుంచి రాసిందే. ఎవరో సరదా మనిషి.) ఫ్లాష్ పనులకి వాడే ఎంటీడీ టూల్స్‌లోని జేఎఫ్‌ఎఫ్‌ఎస్2డంప్‌తో ఆర్డర్ మార్చుకుని డేటా తీశాం.

ఇక ఎక్కడ తిప్పాలి అంటే, మన కాలువల్లో పడవ మట్టం మారేది లాకు దగ్గరే కదా, అలాగే డిస్క్‌కీ మెమరీకీ మధ్య ఒక్కచోటే. సూపర్‌బ్లాక్‌లో (మొత్తం ఫైల్‌సిస్టమ్ వివరాలుండే బ్లాక్) తరచూ వాడేవి మౌంట్ అప్పుడు, ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాల రికార్డు) ఫీల్డులు ఐనోడ్ చదివినప్పుడు తిప్పి మీ సొంత స్ట్రక్చర్‌లో పెట్టుకోండి. డైరెక్టరీ, ఎక్స్‌టెంట్ (ఫైల్ డేటా డిస్క్ మీద ఎక్కడుందో చెప్పే) బ్లాకులు మాత్రం వచ్చినవి వచ్చినట్టే ఉంచి, చదివిన ఫీల్డ్ వరకే తిప్పండి. బఫర్‌లోనే తిప్పేస్తే అది మురికి బఫరై (డిస్క్‌కి రాయాల్సిన మార్పున్న బఫర్‌గా లెక్కలోకొచ్చి) అలాగే డిస్క్‌కి పోయే ప్రమాదం ఉంది, చెక్‌సమ్ కూడా కలవదు. మ్యాజిక్ పోల్చేటప్పుడు చదివిన విలువని కాదు, కాన్‌స్టెంట్‌ని తిప్పండి, ఆ పని కంపైలరే ముందుగా చేసేస్తుంది.

బిట్‌మ్యాప్‌ల (ఏ బ్లాక్ ఖాళీ, ఏది వాడకంలో ఉందో ఒక్కో బిట్‌తో చెప్పేవి) దగ్గర చాలామంది పడతారు. 64 బిట్ బిగ్ ఎండియన్ మెషిన్‌లో మామూలు సెట్‌బిట్‌తో సున్నా బిట్ పెడితే అది ఎనిమిదో బైట్‌లోకి పోతుంది. కెర్నల్‌లో ఎల్‌ఈ తోకతో వేరే బిట్ ఫంక్షన్లు ఉన్నాయి, డిస్క్ బిట్‌మ్యాప్‌కి అవే వాడండి.

డిస్క్ ఫీల్డులకి మామూలు యూ32 కాకుండా ఎల్‌ఈ32 టైప్ ఇచ్చి, మేక్‌కి సి=2 పెట్టి స్పార్స్ (కెర్నల్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్) నడిపితే మార్పిడి మర్చిపోయిన లైన్లన్నీ వార్నింగులుగా వస్తాయి. క్యాస్ట్ పెట్టి ఆ వార్నింగుల నోరు మూయించొద్దు. బిగ్ ఎండియన్ బోర్డు లేకపోతే క్యూఎములో (వేరే మెషిన్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్) బిగ్ ఎండియన్ అయిన ఎస్390ఎక్స్ లినక్స్ పెట్టుకుని, లాప్‌టాప్‌లో చేసిన ఇమేజ్‌ని అక్కడ మౌంట్ చేసి, నాలుగు ఫైళ్లు రాసి, తిరిగి లాప్‌టాప్‌లో చదివి చూడండి.