విమానం ఎక్కేలోపు సైకిల్ ఎక్కండి

ప్రశ్న: అప్పా, మాది ఒడిశాలోని గుణుపూరు. నాకు 36 ఏళ్ళు. మా ఆయనకు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరిలో నేనూ, ఆరేళ్ళ మా పాపా బయలుదేరుతున్నాం. అక్కడ అందరూ సైకిల్ మీదే తిరుగుతారట. నాకు సైకిల్ రాదు. ఈ వయసులో వస్తుందా? రాకపోతే అక్కడ కష్టమా? వెళ్ళాక నేర్చుకుంటే సరిపోతుందా?

జవాబు: చెల్లెమ్మా, మన వైపు అక్కను పిలిచే అలవాటుగా అప్పా అని పిలిచారు. ఆ పిలుపు విని చాలా కాలమైంది. మాది పర్లాకిమిడి. నేనూ నెదర్లాండ్స్‌లోనే ఉంటాను. ఉట్రెక్ట్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: వెళ్ళాక నేర్చుకుందామని ఆగకండి. ఇంకా మూడు నెలల సమయం ఉంది. గుణుపూరులోనే నేర్చుకుని రండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను 2006లో సైకిల్ రాకుండా ఇక్కడికి వచ్చాను. అప్పుడు నాకు 29 ఏళ్ళు, మా అబ్బాయికి నాలుగు. ఇక్కడ నాలుగేళ్ళు నిండగానే పిల్లలు బడికి వెళ్తారు. మామూలు ప్రాథమిక బడులకు మన దగ్గరలాగా బడి బస్సులు తిరగవు. తల్లో తండ్రో సైకిల్ వెనక సీటులో కూర్చోబెట్టుకుని దింపాల్సిందే. బడి రెండు కిలోమీటర్ల దూరం. ఎదురుగాలిలో, సన్నటి వానలో వాడి చెయ్యి పట్టుకుని నడిచేదాన్ని. మిగతా తల్లులు మమ్మల్ని దాటి వెళ్తూ చెయ్యి ఊపేవారు. వాడు ఒకరోజు, "అమ్మా, మనకు సైకిల్ కొనుక్కునే డబ్బులు లేవా?" అని అడిగాడు. కూరగాయలకు, వైద్యుడి దగ్గరకు, భాష నేర్చుకునే తరగతికి, దేనికి వెళ్ళాలన్నా మా ఆయన సెలవు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. అలా రెండు చలికాలాలు గడిచాయి. చివరికి మా పేటలోని సామాజిక కేంద్రంలో, మొరాకో నుంచి, టర్కీ నుంచి వచ్చిన ఆడవాళ్ళతో కలిసి 31వ ఏట నేర్చుకున్నాను. నేర్పిన పెద్దావిడను జీవితాంతం మరచిపోను. కానీ ఆ రెండేళ్ళూ నాకు తిరిగి రావు. మీరు అలా పోగొట్టుకోకూడదని నా ఆరాటం.

సైకిల్ రాకపోతే ఇక్కడ బతకలేమని కాదు. రైళ్ళు, బస్సులు ఉన్నాయి. అయితే ఈ దేశంలో జనాభా దాదాపు 1.8 కోట్లయితే సైకిళ్ళు సుమారు 2.3 కోట్లు. బడి, అంగడి, రైలు స్టేషను అన్నీ సైకిల్ దూరాన్ని లెక్కలో పెట్టుకునే కట్టారు. ఉట్రెక్ట్ స్టేషను కింద 12,500కు పైగా సైకిళ్ళు పట్టే మూడంతస్తుల నిలుపుదల చోటు ఉంది. అలాంటి చోట సైకిల్ రాని మనిషి ఇంట్లో వాళ్ళ మీద ఆధారపడక తప్పదు. కొత్త దేశంలో, కొత్త భాష మధ్య, ఆ ఆధారపడటం మనిషిని లోపలి నుంచి చిన్నబుచ్చుతుంది.

ఇక వయసు సంగతి. గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే, సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ భాష గురించి 1931లో పుస్తకం కూడా ప్రచురించారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర మాటలు వింటూ పెరిగిన మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు, పెద్దయ్యాక కొత్తది నేర్చుకోవడం వింత కాకూడదు. సైకిల్ ఒక భాషకన్నా చాలా చిన్న పని. మనల్ని ఆపేది వయసు కాదు, నలుగురూ చూస్తారన్న బిడియం. నా చిన్నప్పుడు స్టేషను దగ్గరి కొట్లో మా తమ్ముడు గంట అద్దెకు సైకిల్ తీసుకుని, నౌపడ నుంచి మీ ఊరికి వెళ్ళే చిన్న రైలు పక్కన తొక్కేవాడు. నేను గట్టు మీద నిలబడి చూసేదాన్ని. నన్నెవరూ తొక్కమనలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు బడి పిల్లలకు ప్రభుత్వమే సైకిళ్ళు ఇస్తోంది. పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా, జడలు వేసుకున్న ఆడపిల్లలు వరసగా సైకిళ్ళ మీద బడికి వెళ్ళడం చూస్తే నా కడుపు నిండుతుంది.

ఎలా నేర్చుకోవాలో వివరంగా చెబుతాను. మన దగ్గర ఒకరు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతారే, ఆ పద్ధతి వద్దు. పట్టుకున్నవాళ్ళు సైకిల్‌ను ఒరగనివ్వరు. ఒరగకపోతే ఎలా నిలబెట్టుకోవాలో ఒంటికి తెలియదు. సైకిల్ ఎటు ఒరిగితే హ్యాండిల్‌ను అటే కొద్దిగా తిప్పాలి. అప్పుడు చక్రం మళ్ళీ మన బరువు కిందికి వస్తుంది. భయపడిన మనిషి దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది: అవతలి వైపు తిప్పి, వేగం తగ్గించి, పడిపోతుంది. నిజానికి కాస్త వేగం ఉంటేనే సైకిల్ నిలకడగా ఉంటుంది.

కిందటి డిసెంబరులో పర్లాకిమిడి వచ్చినప్పుడు మా తమ్ముడి భార్యకు నేర్పాను. ఆమెకు 41 ఏళ్ళు. ఎత్తు తక్కువగా ఉండే లేడీస్ సైకిల్ ఒకటి తీసుకుని, దాని రెండు పెడళ్ళూ ఊడదీయమని కొట్లో అడిగాం. "పెడళ్ళు తీసేస్తే ఏం తొక్కుతారమ్మా?" అని అతను ఆశ్చర్యపోయాడు. అక్కడ పనికి కొత్తగా చేరిన కుర్రాడు ఎడమ పెడల్‌ను బలంకొద్దీ తిప్పుతున్నాడు, అది ఇంకా బిగుసుకుంటోంది. మీకూ ఇదే జరగవచ్చు కాబట్టి గుర్తు పెట్టుకోండి. కుడి పెడల్ మామూలు మరలాగే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్ మర తలకిందులుగా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. తొక్కేటప్పుడు దానంతట అది వదులు కాకుండా అలా చేశారు. పదిహేను నంబరు పానా సాధారణంగా సరిపోతుంది.

తరువాత సీటు బాగా కిందికి దించాం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. అదే ముఖ్యం. పాదం ఆనిందంటే సగం భయం పోతుంది. మొదటి మూడు రోజులూ ఆమె సీటు మీద కూర్చుని రెండు కాళ్ళతో నేలను వెనక్కి తన్నుతూ మైదానం చుట్టూ నడిపింది, అంతే. ఎవరైనా చూస్తారని తెల్లవారుజామున అయిదింటికే, తల చుట్టూ శాలువా కప్పుకుని వచ్చేది. నాలుగో రోజు, మైదానం చివర చిన్న వాలు ఉంటే అక్కడి నుంచి పాదాలు గాలిలోకి ఎత్తి జారమన్నాను. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలిచింది. మర్నాడు పది. ఆ తరువాతే పెడళ్ళు బిగించాం.

పెడళ్ళు వచ్చాక మళ్ళీ మొదటికి వచ్చినట్టు అనిపించింది. ఆమె చూపంతా ముందు చక్రం మీదే. ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది, కిందికి చూస్తే కిందికే. ఎంత చెప్పినా తల ఎత్తలేకపోయింది. ట్యూషన్‌కు వెళ్తున్న ఒక ఒడియా పిల్ల, తొమ్మిదో తరగతి కాబోలు, తన సైకిల్ స్టాండు వేసి మైదానం అవతలి చివరికి నడిచి వెళ్ళి నిలబడింది. "మావుసీ, చక్రాన్ని చూడొద్దు, నన్ను చూడండి!" అని రెండు చేతులూ ఊపింది. మా మరదలు తల ఎత్తింది. మంచులో ఆ పిల్ల జడలకున్న తెల్ల రిబ్బన్లు మాత్రమే స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటినే చూస్తూ, ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా, ఆ పిల్ల దాకా వెళ్ళింది. అక్కడ ఆగడం రాక ఆ పిల్ల చేతుల్లో పడింది. ఇద్దరూ కిందపడి లేచి నవ్వుకున్నారు. అది తొమ్మిదో ఉదయం. ఆ తరువాత శాలువా మాట ఆమె ఎత్తలేదు.

మైదానం చుట్టూ తిరగడం వచ్చిందని అక్కడితో ఆపకండి. ఇక్కడి రోడ్లకు ఇంకో మూడు పనులు కావాలి. ఒకటి, ఒక చెయ్యి వదిలి తొక్కడం. తిరగబోయే వైపు చెయ్యి చాచి చూపాలి, చూపకపోతే వెనక వచ్చే సైకిల్ మీ మీదికి వస్తుంది. రెండోది, హ్యాండిల్ కదలకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం. మూడోది, నేల మీద గీసిన గీత దగ్గర కచ్చితంగా ఆగడం. సుద్దతో గీత గీసి రోజూ ఇరవై సార్లు ఆగండి. ఇవి రావడానికి ఎంతకాలం పట్టినా పట్టనివ్వండి, వీటి విషయంలో తొందర పడకండి.

మన దగ్గర రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తాం, ఇక్కడ కుడి పక్కన. మొదటి నెల ప్రతి మలుపు దగ్గరా మనసులో అనుకుని మరీ తిరగండి. గుర్తులు లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చేవాళ్ళదే ముందు హక్కు, సైకిలైనా కారైనా. నేల మీద తెల్లటి త్రిభుజాలు వరసగా కనిపించి, వాటి మొనలు మీ వైపు ఉంటే మీరే ఆగి దారి ఇవ్వాలి. వాటిని ఇక్కడ సొరచేప పళ్ళు అంటారు. చీకట్లో ముందు తెల్లదీపమో పసుపు దీపమో, వెనక ఎర్రదీపం తప్పనిసరి. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకోవడం 2019 జూలై నుంచి నిషిద్ధం. ట్రాము ఉన్న ఊళ్ళకు వెళ్తే పట్టాలను ఏటవాలుగా దాటకండి, చక్రం ఇరుక్కుంటుంది. పట్టాలకు అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటండి.

మీరు ఊహించని సంగతి ఇంకొకటి. ఇక్కడి చాలా పాత సైకిళ్ళకు చేతి బ్రేకు ఒకటే ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగుతుంది. మనం ఆగినప్పుడు పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చుకుంటామే, దానిమీద అది కుదరదు. ఆగేటప్పుడే ఒక పెడల్ పైన ఉండేలా ఆపుకోవాలి, లేదా ముందుకు నడిపి సరిచూసుకోవాలి. కొనేముందు చేతి బ్రేకులు రెండూ ఉన్నదే అడగండి. మొదటి ఏడాది కొత్తది వద్దు, కొట్లోనే పాతది కొనుక్కోండి. వీధిలో ఎవరో అతిచవకగా ఇస్తామంటే అది దొంగసొత్తు కావచ్చు, తెలిసీ కొంటే మీదీ నేరమే. వెనక చక్రానికి ఉండే తాళంతో పాటు స్తంభానికి కట్టే గొలుసు కూడా కొనండి.

పాప విషయం. ఎనిమిదేళ్ళలోపు పిల్లలను వీపుకు, చేతులకు, కాళ్ళకు ఆసరా ఉన్న సీటులోనే కూర్చోబెట్టాలని ఇక్కడి చట్టం. మీరు ఒంటరిగా నెల రోజులు హాయిగా తొక్కాక మాత్రమే పాపను ఎక్కించుకోండి. బరువు వెనక పడితే సైకిల్ నడత మారిపోతుంది. ముందు పది కిలోల బియ్యం సంచి కట్టుకుని అలవాటు చేసుకోండి. నేను అలాగే చేశాను. మామూలు సైకిల్ మీద శిరస్త్రాణం ఇక్కడ పెద్దలకూ పిల్లలకూ తప్పనిసరి కాదు, ఇక్కడివాళ్ళు చాలామంది పెట్టుకోరు. అయినా మీ ఇద్దరికీ పెట్టుకోమనే చెబుతాను. రోడ్డు మీద మంచు గడ్డకట్టిన రోజున ఎంతటి అనుభవం ఉన్నా సైకిల్ తీయకండి.

చున్నీ వదులుగా వేసుకోకండి. చైనులోనో చక్రంలోనో చిక్కుకుంటే మెడకు చుట్టుకుంటుంది. నేర్చుకునే రోజుల్లో అసలు వద్దు. సల్వారు అంచుకు ఒక రబ్బరు బ్యాండు వేసుకోండి.

డిసెంబరు 20 నుంచి నెల రోజులు నేను పర్లాకిమిడిలోనే ఉంటాను. ఈలోపు సీటు దించి, పెడళ్ళు తీసి, కాళ్ళతో నెట్టుకుంటూ తిరగడం మొదలుపెట్టండి. ఒక్క రోజు పాపను తీసుకుని రైల్లో రండి. మా మరదలి సైకిల్ ఉంది, మైదానం ఉంది. చెయ్యి చాచి తిరగడం, గీత దగ్గర ఆగడం కలిసి సాధన చేద్దాం. పదిహేను నంబరు పానా మా ఇంట్లోనే ఉంది.